మోసగాడిది తెలుగు, బ్యాంకుది ఇంగ్లీషు

క్రెడిట్ కార్డు మోసం బయటపడిన ప్రతిసారీ బాధితుడికి ఎదురయ్యే మొదటి ప్రశ్న ఒకటే: ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని తెలియదా? విజయవాడ బీసెంట్ రోడ్డులో చీర కొన్నా, ఇంట్లో కూర్చుని కరెంటు బిల్లు కట్టినా కార్డే వాడుతున్న ఈ రోజుల్లో ఆ సంగతి తెలియని వారు దాదాపు లేరు. తెలిసీ చెబుతున్నారు. ఎందుకు చెబుతున్నారన్న ప్రశ్నకు ‘తప్పు ఖాతాదారుదే’ అని బ్యాంకులు ఇస్తున్న జవాబు నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు.

గుంటూరు బ్రాడీపేటలో ఉండే ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఒక మధ్యాహ్నం ఆయన భోంచేసి నడుం వాల్చిన వేళ ఫోను మోగింది. ‘మాస్టారూ, నమస్కారమండీ, మీ కార్డు మీద ఆరు వేల రూపాయల పాయింట్లు ఈ రాత్రితో చెల్లకుండా పోతున్నాయండీ’ అంటూ అవతలి కుర్రవాడు మన యాసలోనే, ఎంతో వినయంగా మాట్లాడి, ఒక లింకు పంపాడు. అందులో కార్డు నంబరు, గడువు తేదీ, వెనకనున్న మూడంకెల సీవీవీ నింపగానే ఫోనుకు సందేశం వచ్చింది. ఎంత సొమ్ము, ఎవరికి పోతున్నదో ఆ సందేశం మొదటి వాక్యంలోనే ఉంది. కానీ ఇంగ్లీషులో ఉంది. ఆయన కళ్లజోడు వెతుక్కుంటుండగానే ‘అదంతా చదవక్కర్లేదు మాస్టారూ, ఆ ఆరంకెలు చెప్పండి చాలు’ అన్నాడు. 48,000 రూపాయలు పోయాయి. బ్యాంకుకు ఫోను చేస్తే, ఇంగ్లీషుకు ఒకటి, హిందీకి రెండు నొక్కమన్న యంత్రాన్ని దాటి మనిషి గొంతు వినబడేసరికి ఒక విదేశీ వెబ్‌సైటులో అదే కార్డు మీద మరో 19,000 ఖర్చయింది. రెండోదానికి ఓటీపీయే రాలేదు.

ఈ రెండో దెబ్బ గురించి హెచ్చరించేవారు తక్కువ. మన దేశంలోని వెబ్‌సైటులో కార్డు వాడితే ఓటీపీ లాంటి రెండో ధ్రువీకరణ ఉంటుంది గానీ, విదేశీ వెబ్‌సైట్లు చాలావాటికి కార్డు వివరాలుంటే చాలు. డల్లాస్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లినప్పుడు మాస్టారు తన కార్డులో అంతర్జాతీయ వాడకాన్ని తెరిపించుకున్నారు. తిరిగి వచ్చాక మూయలేదు. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న ఇళ్లు గుంటూరులోనూ విజయవాడలోనూ వీధికి పది ఉంటాయి. అలా తెరిచి మరిచిన కార్డులు ఎన్ని ఉంటాయో ఊహించుకోవచ్చు.

అందుకే నా దృష్టిలో మొదటి రక్షణ ఓటీపీ దాచుకోవడం కాదు, తలుపులు ముందే మూసి ఉంచడం. కొత్త కార్డు ఇచ్చేటప్పుడు దేశంలోని ఏటీఎంలలో, దుకాణాలలోని యంత్రాలలో మాత్రమే పనిచేసేలా ఇవ్వాలనీ, ఆన్‌లైన్, విదేశీ, కాంటాక్ట్‌లెస్ (యంత్రంలో పెట్టకుండా దగ్గర చూపే) వాడకాలను ఖాతాదారు కోరితేనే తెరవాలనీ, ఎప్పుడైనా ఆపుకొనే, పరిమితి పెట్టుకొనే వీలు ఉండాలనీ 2020 జనవరిలో రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. బ్యాంకు యాప్‌లో ఆ మీటలు ఉన్నాయి. విదేశీ వాడకం ఆపి, ఆన్‌లైన్ పరిమితిని 5,000కు దించి, పెద్ద వస్తువు కొనే రోజున పెంచి మళ్లీ దించుకుంటే, మాటలు ఎంత తీయగా ఉన్నా మోసగాడికి ఒక్క దెబ్బలో ఆ 5,000కు మించి దక్కదు. మనిషి ఏదో ఒక మధ్యాహ్నం ఏమరుపాటుగా ఉంటాడు. మీటకు ఏమరుపాటు లేదు.

ప్రతి సందేశంలో హెచ్చరిక ఉంటోందనీ, రిజర్వ్ బ్యాంకు ప్రాంతీయ భాషలలో కూడా ప్రచారం చేస్తోందనీ, తన చేతులతో తానే వివరాలు ఇచ్చినవాడికి తామేం చేయగలమనీ బ్యాంకులు అంటాయి. ఇందులో కొంత న్యాయం లేకపోలేదు. అయితే ప్రకటన తెలుగులో వచ్చేది మనం తీరికగా టీవీ చూస్తున్నప్పుడు. సొమ్ము పోయే ఆ అర నిమిషంలో వచ్చే సందేశం మాత్రం ఇంగ్లీషులో వస్తుంది.

సొమ్ము పోయాక గడియారమే ప్రాణం. 2017 జూలై 6న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, బ్యాంకు తప్పూ ఖాతాదారు తప్పూ లేకుండా మోసం జరిగితే, మూడు పని దినాలలోగా తెలియజేసినవారిపై పైసా భారం పడదు. నాలుగు నుంచి ఏడు పని దినాలైతే 5 లక్షల లోపు పరిమితి ఉన్న కార్డుకు గరిష్ఠంగా 10,000 పడుతుంది. వివరాలు మనమే ఇచ్చిన సందర్భంలో ఫిర్యాదు చేసేవరకు జరిగిన నష్టం మనది, ఆ తర్వాత జరిగినది బ్యాంకుది. ఖాతాదారుదే బాధ్యత అని రుజువు చేయాల్సిన భారం కూడా బ్యాంకుదే. కాబట్టి మొదట యాప్‌లో కార్డును ఆపి, కార్డు వెనక ఉన్న నంబరుకు (వెతికితే ఇంటర్నెట్‌లో దొరికేది కాదు, అక్కడా నకిలీలే కాచుకుని ఉంటాయి) ఫోను చేసి ఫిర్యాదు సంఖ్య రాసుకోవాలి, వెంటనే సైబర్ మోసాల జాతీయ హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి. బ్యాంకు 30 రోజులలో తేల్చకపోతే, బ్యాంకులపై ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు.

ఇన్ని హక్కులున్నా మాస్టారికి వాటిలో ఒక్కటీ తెలియదు, ఎందుకంటే అవేవీ ఆయన భాషలో ఆయన ఇంటికి రాలేదు. కార్డు షరతులు ఖాతాదారుకు అర్థమయ్యే సరళమైన భాషలో, వీలైనంతవరకు ఇంగ్లీషు, హిందీ, స్థానిక భాషలలో ఉండాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన చెబుతోంది. ఆ ‘వీలైనంతవరకు’ అన్న ఒక్క మాట సందులోంచి తెలుగు జారిపోయింది. కార్డు అంటగట్టడానికి బెంజి సర్కిల్ దగ్గర షాపింగ్ మాల్‌లో నిలబడే కుర్రాళ్లు చక్కటి తెలుగే మాట్లాడుతారు. సంతకం పెట్టే కాగితం దగ్గరికి వచ్చేసరికి ఆ తెలుగు ఏమవుతోంది? తెలుగు లిపిలో ఒక ఎస్సెమ్మెస్‌కు 70 అక్షరాలే పడతాయి, ఇంగ్లీషుకు 160 పడతాయి, ఖర్చు పెరుగుతుందని ఎవరైనా అంటే, ఈ వాక్యం చూడమంటాను: ‘మీ కార్డు నుంచి రూ.48,000 పోతోంది. ఎవరికీ చెప్పకండి’. గుణింతాలూ ఖాళీలూ లెక్కపెట్టినా, చివర ఆరంకెలు చేర్చినా 70 దాటదు. ఈ వాక్యాన్ని తప్పనిసరి చేయమని రాష్ట్ర స్థాయి బ్యాంకర్ల సమితి సమావేశంలో మన ప్రభుత్వం ఎందుకు పట్టుబట్టదు?

పోయిన సోమవారం మాస్టారి ఫిర్యాదు పత్రం నేనే నింపాను. నాలుగు పేజీలూ ఇంగ్లీషే. ముప్పై నాలుగేళ్లు మూడు తరాలకు తెలుగు చెప్పిన మనిషి, ఎక్కడ సంతకం పెట్టాలో నన్ను అడిగి పెట్టారు.