పులి కదిలితేనే మోటారు ఆగేది

పెద్దవాళ్ళు ఆడుకోవాలంటే ఒక సాకు కావాలి. షుగరు తగ్గుతుందని షటిల్ ఆడతారు, పొట్ట తగ్గుతుందని ఈత కొడతారు. ఏ లాభమూ లేకుండా ఊరికే ఆడుకుంటున్నానని చెప్పడానికి మాత్రం నలభై దాటిన మనిషికి నోరు రాదు. మా అపార్టుమెంటులో ఆ సాకు వేసవి సెలవుల రూపంలో దొరికింది. ఫోన్ల నుంచి తల ఎత్తని పిల్లలకు మన పాత ఆటలు నేర్పించాలన్న సదుద్దేశంతో సంఘం కార్యదర్శిగారు ఒక ఆదివారం ఉదయం సెల్లారు నేల మీద సుద్దముక్కతో పులిజూదం పటం గీశారు.

ఆ గీయడమే పెద్ద కథ అయింది. శిఖరం నుంచి దిగే గీతలూ, వాటిని అడ్డంగా కోసే గీతలూ కలిసే చోట్లు 23 రావాలి. ఆయనకు ఒకసారి తక్కువ వచ్చాయి, మరోసారి ఎక్కువ వచ్చాయి. అంతవరకూ ఓపిక పట్టిన పిల్లలు, పులులు 3, మేకలు 15 అన్న వివరణ మొదలవగానే ఒక్కొక్కరే జారుకున్నారు. అసలు ఆట అప్పుడు మొదలైంది.

మేకలకు చింతపిక్కలు దొరికాయి. పులులకు తగినవేవీ కనపడక కార్యదర్శిగారు జేబులోంచి మోటారు గది తాళంచెవి, మేడ తలుపు తాళంచెవి, తన స్కూటరు తాళంచెవి తీసి పటం మీద నిలిపారు. మేకల పక్షం వహించినది రెండో అంతస్తు లెక్కల మాస్టారు. పాత గుడి మండపాల్లో నేలబండల మీద ఇలాంటి పటాలు చెక్కినది పిల్లలు కాదనీ, ఉలి పట్టే వయసు వచ్చిన పెద్దలేననీ ఆయన ముందుగానే ప్రకటించి, అందరి మొహమాటమూ తీర్చేశారు. పులి మేక మీంచి దూకి దాన్ని తినాలంటే ఆ మేక వెనక చోటు ఖాళీగా ఉండాలి, మేకలు గెలవాలంటే పులులను కదలకుండా కట్టెయ్యాలి గనుక, మొదట్లో రెండు మేకలు పోగొట్టుకున్న మాస్టారు ఆ తర్వాత ప్రతి మేక వెనకా మరొక మేకను ఆనించి, మోటారు గది పులిని ఒక మూలకు నెట్టారు. పాలపాకెట్టు కోసం బయలుదేరినవాళ్ళు కూడా చుట్టూ చేరి, అడగని సలహాలు ఉచితంగా పంచసాగారు.

సరిగ్గా అప్పుడే వాచ్‌మన్ పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"సార్, ట్యాంకు పొర్లిపోతోంది. మోటారు కట్టెయ్యాలి, తాళంచెవి ఇవ్వండి."

"ఇప్పుడు ఆ పులిని కదపకూడదయ్యా," అన్నారు కార్యదర్శిగారు, కన్ను తిప్పకుండా.

"ముట్టుకుంటే ఆడాల్సిందే. పటం మీంచి లేచిందా, ఆట నాది," అన్నారు మాస్టారు. ముట్టుకుంటే ఆడాలన్న నియమం పెట్టినది కార్యదర్శిగారే కావడం వల్ల కాదనే దారి లేకపోయింది. తాళంచెవికి బదులు పెన్ను మూత పెడదామని ఎవరో అంటే, మధ్యలో పులిని మార్చిన ఆట ఎక్కడా లేదని ఇద్దరూ ఒక్కమాటై కసిరారు. ఆ ఉదయమంతటిలో వాళ్ళకు ఏకాభిప్రాయం కుదిరినది ఆ ఒక్క విషయంలోనే.

ఇంతలో మాస్టారి భార్య మెట్లు దిగి వచ్చారు. "ఏమండీ, మేడ మీద సగ్గుబియ్యం వడియాలు తడిసిపోతున్నాయి. ఆ మేడ తాళంచెవి ఇలా ఇప్పించండి."

"రెండు ఎత్తులు ఆగు. ఆ పులి కూడా చిక్కుతుంది," అన్నారు మాస్టారు. ఆమె చూసిన చూపును ఆయన చూడలేదు. చూసినవాళ్ళం మేము రెండడుగులు వెనక్కి వేశాం.

గోడ వెంట దిగిన వాననీటి గొట్టంలోంచి ముందు నీళ్ళు దూకాయి, వాటి వెనకే సగం ఎండిన వడియాలు వచ్చాయి. నీళ్ళు కార్యదర్శిగారి సంతకంతో గోడకు అంటించి ఉన్న 'నీటిని పొదుపు చేయండి' అనే నోటీసు కిందుగా పారి, పటాన్ని చెరిపేసి, చింతపిక్కలను కాలువలోకి తోసేశాయి. బరువైన తాళంచెవులు మాత్రం ఉన్నచోటే ఉండిపోయాయి. మేకలన్నీ పోయి పులులు మిగిలాయి గనుక గెలుపు తనదేనన్నారు కార్యదర్శిగారు. వరదకు పోయిన మేకలు లెక్కలోకి రావన్నారు మాస్టారు. వాచ్‌మన్ ఈ వాదన తేలేదాకా ఆగకుండా మోటారు గది పులిని పట్టుకుపోయాడు.

ఆ సాయంత్రమే అత్యవసర సమావేశం జరిగింది. అసలే ట్యాంకర్లు కొనుక్కుంటున్న రోజుల్లో పోయిన నీళ్ళ గురించి ఎవరూ పెదవి విప్పలేదు. రెండు తాళంచెవులకూ నకళ్ళు చేయించాలనీ, ఆ ఖర్చును నీటి సరఫరా పద్దు కింద రాయాలనీ తీర్మానించారు. వడియాలకు నష్టపరిహారంగా మాస్టారి భార్య కోరిన సగ్గుబియ్యాన్ని ఇచ్చుకోవలసినది కార్యదర్శిగారా, మాస్టారా అన్న విషయాన్ని మాత్రం వచ్చే ఆదివారం ఆటలో గెలుపోటములను బట్టి తేల్చాలని సభ ఏకగ్రీవంగా నిర్ణయించింది.