ఫోన్ దొరికింది, నంబరు పోయింది

మొన్న సోమవారం పొద్దున ఏడింటికి మా నాయనకు ఐదు లక్షల పర్సనల్ లోన్ మంజూరైంది. హామీ అక్కర్లేదట, ఆధార్ ఉంటే చాలట. ఫోన్ చేసిన అమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడింది. ఆయన పోయి పదహారేళ్లయిందమ్మా అంటే, "అయితే సాయంత్రం చేయమంటారా సార్?" అంది.

మా నాయన బతికున్నన్నాళ్లూ సెల్‌ఫోన్ ముట్టలేదు. ఏ బ్యాంకూ ఆయనకు వెయ్యి రూపాయలు అప్పిచ్చిన పాపాన పోలేదు. పోయిన ఇన్నేళ్లకు ఆయన పరపతి ఇంతగా పెరిగిందంటే అది మన రక్షకభటుల చలవ. ముందుగా వారికి కృతజ్ఞతలు. నష్టపరిహారం సంగతి తర్వాత మాట్లాడదాం.

ఎండాకాలంలో హన్మకొండ బస్టాండులో నర్సంపేట బస్సు ఎక్కుతుంటే ఎవడో నా జేబులోంచి ఫోన్ కొట్టేశాడు. స్టేషన్‌కు పోయి దరఖాస్తు ఇచ్చాను. (ఏ స్టేషనో చెప్పను. నాకింకా ఒక స్కూటర్ ఉంది, అదీ ఏదో ఒకరోజు పోతుంది.) వాళ్లు పోయిన ఫోన్లను వెతికే సర్కారు వెబ్‌సైట్ సీఈఐఆర్ పోర్టల్‌లో, ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే ఐఎంఈఐ నంబరు ఎక్కించి ఫోన్‌ను బ్లాక్ చేశారు. ఎవడో అందులో కొత్త సిమ్ వేయగానే ఆచూకీ తెలిసింది. రెండు నెలల్లో పట్టుకొచ్చారు. ఈ ముక్కలో వ్యంగ్యం ఏమీ లేదు. ఆ కానిస్టేబుల్ పిల్లగాడు నిజంగానే కష్టపడ్డాడు.

నా కష్టం ఫోన్ దొరికాక మొదలైంది.

దొరికిన వస్తువును పిలిచి చేతికిచ్చి పంపిస్తే అది ఉద్యోగం. ఫొటో దిగి ఇస్తే కార్యక్రమం. అందుకని 64 మందిని ఒకేరోజు రమ్మన్నారు. తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద ఫోన్లను బతుకమ్మ పేర్చినట్టు వరుసలు వరుసలుగా పేర్చారు. నడుమ, గౌరమ్మను పెట్టేచోట, ఒక ఐఫోన్. వెనక పెద్ద ఫ్లెక్సీ: "మీ ఆధార్, బ్యాంకు వివరాలు ఎవరికీ చెప్పకండి. మోసపోతే 1930కి ఫోన్ చేయండి." పెద్దసారు వచ్చేదాకా రెండు గంటలు ఆ ఫ్లెక్సీనే చదువుకుంటూ కూర్చున్నాం. నా వంతు వచ్చేసరికి బల్ల మీద నా ఫోన్ లేదు. బస్టాండులో పోయి దొరికిన ఫోన్ స్టేషన్‌లో మళ్లీ పోయింది. "ముందుగాల ఫొటో కానియ్యి కాకా, ఫోన్ తర్వాత సూద్దాం" అని ఎవరిదో ఎర్ర ఫోన్ నా చేతిలో పెట్టారు. ఎవరో ఆడపిల్లది, వెనక పూల స్టిక్కర్. దాన్నే పట్టుకుని నవ్వాను. "సారు కండ్లు మూసిండు, ఇంకొకసారి" అన్నాడు ఫొటోగ్రాఫర్. ఇంకొకసారి నవ్వాను. పేపర్లో నేను పూల ఫోన్‌తో ఉన్నాను. నా ఫోన్ చివరికి హెడ్ కానిస్టేబుల్ టేబుల్ మీద చార్జింగ్ ఎక్కుతూ కనిపించింది.

ఇంతటితో ఆగితే ఈ వ్యాసం అక్కర్లేదు. ఆ సాయంత్రం పత్రికలవాళ్ల గ్రూపులో వార్తతో పాటు ఒక పీడీఎఫ్ కూడా పెట్టారు. నాలుగు పేజీలు, శ్రద్ధగా గళ్లు గీసి: క్రమ సంఖ్య, పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు, మొబైల్ నంబరు, ఆధార్ నంబరు, ఐఎంఈఐ, ఫోన్ మోడల్, అందుకున్నట్టు సంతకం. పెళ్లిళ్ల పేరయ్య సంచిలో కూడా ఇన్ని వివరాలు ఉండవు. జిల్లా అన్నచోట మాత్రం ఇప్పటికీ వరంగల్ అర్బన్ అనే ఉంది. 2021లోనే అది హన్మకొండ అయిందని ఎవరూ చెప్పినట్టు లేదు. మోసగాళ్లకు పాత జిల్లా పేరు ఇవ్వడం కూడా ఒకరకం భద్రతేనని సరిపెట్టుకున్నాను. ప్రెస్ గ్రూపులోంచి వార్డు గ్రూపు, వార్డులోంచి కాలనీ గ్రూపు, రాత్రి తొమ్మిదికల్లా మా పదో తరగతి బ్యాచ్ గ్రూపు. "37వ నంబరు నువ్వేనా బే? కంగ్రాట్స్" అని ఒకడు. పదో తరగతి హాల్ టికెట్ తర్వాత నన్ను నంబరుతో గుర్తుపట్టడం మళ్లీ ఇదే.

టైపు చేసినాయన నా గడిలో ఒక పొరపాటు చేశాడు. పేరు ఉండాల్సినచోట మా నాయన పేరు, తండ్రి పేరు దగ్గర నా పేరు. మా నాయన నాకు కొడుకయ్యాడు. మొదట చిన్నతనంగా అనిపించింది. తర్వాత ఆ పొరపాటు విలువ తెలిసొచ్చింది. బ్యాంకులో, ఆధార్‌లో, రేషన్ కార్డులో, ఇంకెక్కడా నా నంబరుకు సొంతదారుగా మా నాయన పేరు లేదు. కాబట్టి ఆయన పేరు పట్టుకుని వచ్చే ప్రతి ఫోనూ ఆ పీడీఎఫ్ కడుపున పుట్టిందే. లోన్లవాళ్లు, క్రెడిట్ కార్డులవాళ్లు, మోకాళ్ల నొప్పుల తైలంవాళ్లు, అందరూ ఆయన కోసమే. ఒకరోజు ముంబై క్రైమ్ బ్రాంచి అని చెప్పుకుంటూ ఖాకీ చొక్కా తొడుక్కున్న పెద్దమనిషి వీడియో కాల్‌లోకి వచ్చి మా నాయనను డిజిటల్ అరెస్టు చేశాడు. ఆధార్ 12 అంకెలూ తడుముకోకుండా అప్పజెప్పాడు.

"ఆయన ఇప్పుడెక్కడున్నాడు?"

"పైన."

"పైకి వెళ్లి ఫోన్ ఆయనకివ్వండి. లేకపోతే మీ మీదా కేసు పెడతాం."

అదాలత్ దగ్గర వకీలుగా ఉన్న నా చిన్ననాటి దోస్తు దగ్గరికి పోయి, నష్టపరిహారం అడగాలనుకుంటున్నానని చెప్పాను. వాడు చాయ్ తెప్పించాడు. వాడు చాయ్ తెప్పించాడంటే కేసులో పస లేదని అర్థం.

"ఎంత నష్టమైందిరా నీకు?"

"మనశ్శాంతి పోయింది."

"దాని బిల్లుందా?"

బిల్లు లేదు. అయినా స్నేహం కొద్దీ వాడే లెక్క కట్టాడు. 2024లో తెలంగాణ పోలీసుల 'హాక్ ఐ' యాప్‌లోని సమాచారం దొంగిలించిన ఒక కుర్రాడు దాన్ని 150 డాలర్లకు అమ్మకానికి పెట్టాడు. అంటే సుమారు 12,500 రూపాయలు. అందులో లక్ష మంది వివరాలు ఉన్నాయనుకున్నా తలకు 12 పైసలు. "నీకు పన్నెండు పైసలు రావొచ్చురా. కోర్టు ఫీజు అదనం." ఎనుమాముల మార్కెట్లో తాలు మిర్చికి ఇంతకన్నా మంచి ధర పలుకుతుంది.

సర్కారు మీద దావా వేయాలంటే ముందుగా సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 కింద నోటీసు ఇచ్చి రెండు నెలలు ఆగాలట. సరే, ఆగుతాను. ఆగాక? అప్పుడు వాడు బంగారం కథ చెప్పాడు.

1947లో అమృత్‌సర్ బంగారం వ్యాపారి ఒకాయన్ను మీరట్ పోలీసులు అనుమానం మీద పట్టుకున్నారు. ఆయన దగ్గరున్న వెండి, వంద తులాలకు పైగా బంగారం తీసుకుని స్టేషన్ మాల్‌ఖానాలో, అంటే పట్టుకున్న సొత్తు దాచే గదిలో, పెట్టారు. మాల్‌ఖానా చూసుకునే హెడ్ కానిస్టేబుల్ ఆ బంగారంతో సహా పాకిస్తాన్ వెళ్లిపోయాడు. వ్యాపారికి వెండి మాత్రం తిరిగొచ్చింది, నాకు ఫోన్ వచ్చినట్టు. బంగారం సంగతేమిటని ఆయన సుప్రీంకోర్టు దాకా పోయాడు. పోలీసులు నిర్లక్ష్యం చేసిన మాట నిజమేనని కోర్టు ఒప్పుకుంది. కానీ అరెస్టు చేయడం, సొత్తు స్వాధీనం చేసుకోవడం సార్వభౌమాధికారంతో చేసే పనులట, కాబట్టి సర్కారు పైసా ఇవ్వనక్కర్లేదంది. దీన్ని కస్తూరీలాల్ కేసు అంటారు. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకు మీద చెయ్యి వేయనని మన గణపతిదేవుడు 1244లోనే మోటుపల్లిలో అభయ శాసనం వేయించాడు. రాతి మీద చెక్కించాడు గనుక అది మీరట్ దాకా ఫార్వర్డ్ కాలేదు.

"ఇప్పటికీ అదే నడుస్తోందా?"

"లేదురా. ఎరువు బస్తాలు దాని కథ మార్చినయి."

1975లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక వ్యాపారి దగ్గర ఎరువులు, ధాన్యం అధికారులు పట్టుకున్నారు. తిరిగిచ్చేయమని ఉత్తర్వు వచ్చి ఆయన పోయి చూసుకునేసరికి సరుకు పాడైపోయింది. ఇక్కడ సార్వభౌమం అనే సాకు చెల్లదు, సర్కారు కట్టాల్సిందేనని 1994లో నాగేంద్రరావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నాకు ప్రాణం లేచొచ్చింది. నేనూ నా ఆధారూ ఒక ఎరువు బస్తాతో సమానమని రుజువు చేస్తే చాలన్నమాట! కానీ 2025 వానాకాలంలో యూరియా కోసం మన రైతులు చెప్పులు, పట్టా పాసుబుక్కులు, ఆధార్ జిరాక్సులు లైన్లో పెట్టి చెట్టుకింద కూర్చున్న దృశ్యం గుర్తొచ్చింది. ఒక్క బస్తా కోసం ఎన్ని ఆధార్లు మట్టిలో పడున్నాయో చూసినవాణ్ణి, సమానమని ఏ నోటితో వాదించను?

"మరి కొత్త చట్టం ఉంది కదరా, 2023ది?"

వాడు రెండో చాయ్ తెప్పించాడు. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కింద, డేటాను భద్రంగా ఉంచకపోతే 250 కోట్ల దాకా జరిమానా వేయొచ్చు. అందులో నా వాటా ఎంతని అడిగాను. సున్నా. మొత్తం భారత ప్రభుత్వ సంచిత నిధికి పోతుంది. రాష్ట్ర పోలీసులు తప్పు చేస్తే రాష్ట్ర ఖజానాలోంచి కేంద్ర ఖజానాకు డబ్బు నడుస్తుంది. రెండింటినీ నింపేది నేనే, మధ్యలో నిలబడి చూసేదీ నేనే. ఉత్తుత్తి ఫిర్యాదు చేశానని తేలితే మాత్రం నాకే 10,000 దాకా జరిమానా. ఐటీ చట్టంలో 43ఏ అని ఒక సెక్షన్ ఉంది, నిర్లక్ష్యం చేసినవాళ్లు బాధితుడికే పరిహారం ఇవ్వాలంటుంది. అది కంపెనీలకే, పోలీసులకు కాదు. కొత్త చట్టం దాన్ని కూడా తీసేసే ఏర్పాటు చేసింది. దర్యాప్తు పనికైతే పోలీసులకు ఈ చట్టంలో బోలెడు సడలింపులు ఉన్నాయి. అయినా డేటాను భద్రంగా ఉంచే బాధ్యతను మాత్రం ఆ దర్యాప్తు సడలింపు ముట్టుకోలేదు. అయినా ఎర్ర ఫోన్ పట్టుకుని ఫొటో దిగడం ఏ నేరం మీద దర్యాప్తు?

ఇక మిగిలింది హైకోర్టు. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో తొమ్మిది మంది సుప్రీంకోర్టు జడ్జీలు తేల్చారు. హక్కుకు దెబ్బ తగిలితే కోర్టు నేరుగా పరిహారం ఇప్పించవచ్చని 1983లో రుదుల్ షా కేసు చెప్పింది. నిర్దోషి అని తీర్పు వచ్చాక కూడా 14 ఏళ్లు జైల్లోనే ఉంచిన మనిషికి అప్పటికప్పుడు ఇప్పించింది 35,000 రూపాయలు, మిగతాది కావాలంటే దావా వేసుకోమన్నారు. ఏడాదికి 2,500 పడింది. ఆ రేటున నాకొచ్చేది కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు ప్యాసింజర్ టికెట్టుకైనా చాలుతుందా అని వకీలు అనుమానం.

ఆ లిస్టులో 41వ నంబరు ఒక ఆడపిల్ల. పూల స్టిక్కర్ ఫోన్ ఆమెదే. హన్మకొండలో హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుకుంటోంది. చిరునామా గడిలో హాస్టల్ పేరు, గది నంబరు కూడా రాశారు. అర్ధరాత్రి ఫోన్లు మొదలయ్యాయి. గది నంబరు చెప్పి మరీ మాట్లాడేవాడట ఒకడు. "నీ నంబరు వాళ్లకెట్ల తెలిసింది?" అని వార్డెన్ ఆమెనే నిలదీసింది. పరీక్షల దరఖాస్తులకు, స్కాలర్‌షిప్‌కు, బ్యాంకుకు ఇచ్చుకున్న నంబరును ఆ పిల్ల వదులుకుంది. తర్వాత ఇంట్లోవాళ్లు ఊరికి తీసుకుపోయారు. ఆ పిల్ల చేసిన తప్పేమిటి? పోయిన వస్తువు కోసం పోలీసు స్టేషన్ మెట్లు ఎక్కడమా? ఆమె చదువు సంవత్సరానికి ఏ ఖజానా కడుతుంది? హాక్ ఐలో ఉన్నవి కూడా ఇలాంటివే. రాత్రిపూట ఆటో ఎక్కుతూ, నాకేమైనా అయితే వీళ్లు చూసుకుంటారని నమ్మి ఆడవాళ్లు ఇచ్చిన వివరాలు. దొంగను కొద్దిరోజుల్లోనే పట్టుకున్నారు, శభాష్. తలుపు తెరిచిపెట్టినవాడి ఫొటో ఏ పేపర్లోనూ నేను చూడలేదు. దాచడం చేతకాదంటే నమ్మను. ఫోన్ ట్యాపింగ్ కేసులో హార్డ్ డిస్కులు ముక్కలు చేసి మూసీలో కలిపేశారని దర్యాప్తు చేసిన పోలీసులే ఆరోపించారు. వాళ్ల గుట్టయితే ఏట్లోకి, మా గుట్టయితే గ్రూపులోకి!

వకీలు వద్దన్నా వినకుండా పోయిన గురువారం స్టేషన్‌కు పోయి దరఖాస్తు ఇచ్చాను. జాబితా బయటపెట్టింది ఎవరో తేల్చాలి, 41వ నంబరుకు ముందు పరిహారం ఇవ్వాలి, నాకు ఆ తర్వాత అని రెండు పేజీలు రాశాను. దరఖాస్తుతో ఆధార్ జిరాక్సు పెట్టాలన్నారు. పెట్టాను. రైటర్ మొదటి పేజీ సగం చదివి ఆగిపోయాడు. ముఖంలో నిజమైన బాధ కనిపించింది.

"అయ్యో కాకా, మీ పేరుకాడ మీ నాయన పేరు పడ్డదా? గిట్ల కావద్దుండె. ఇప్పుడే సరిచేపిస్త."

ఇంటికి చేరకముందే ఫోన్ మోగింది. పదో తరగతి బ్యాచ్ గ్రూపు. "గమనిక: క్రమ సంఖ్య 37లో దొర్లిన పొరపాటు సరిచేయడమైనది. పాత జాబితా తొలగించి, దీనిని అన్ని గ్రూపులకు పంపగలరు." కింద నాలుగు పేజీల పీడీఎఫ్, 64 మందిమీ ఉన్నాం. 41వ గడిలో హాస్టల్ గది నంబరు ఉన్నది ఉన్నట్టే ఉంది.

నిన్న పొద్దున ఏడింటికి మళ్లీ ఆ అమ్మాయే. ఈసారి నా పేరుతోనే పిలిచింది.

"మీ నాన్నగారి లోన్ మీ పేరు మీదికి మార్చమంటారా సార్?"