జవాన్లు ఒప్పుకోరట! వాళ్ళని అడిగారా?

మా బాబాయి ఆర్మీలో హవల్దారుగా చేసి రిటైరయ్యాడు. మొన్న ఆయనతో అన్నాను: "జవాన్లు ఎక్కువమంది పల్లెటూళ్ళ వాళ్ళు, ఆడ ఆఫీసరు ఆర్డరిస్తే వాళ్ళకి మింగుడుపడదని కేంద్రం సుప్రీంకోర్టులో చెప్పింది బాబాయ్."

ఆయన నవ్వాడు. "భుజమ్మీద స్టార్లు కనిపిస్తే సెల్యూట్ కొట్టడమే తల్లీ. మొహం చూసే తీరికెక్కడిది?"

నాకు ఒళ్ళు మండేది అక్కడే. కేంద్రానికి ఇష్టం లేకపోతే తనకే ఇష్టం లేదనాలి, మధ్యలో పల్లెటూరివాళ్ళని అడ్డం పెట్టుకోవడమేంటి? మా మండలం ఎస్సై ఆడమనిషి. సంక్రాంతికి ఆవిడ జీపు వస్తోందంటే పందెంరాయుళ్ళు కోళ్ళు చంకనపెట్టుకుని చేలకడ్డంపడి పరిగెడతారు.

ఆ వాదన కోర్టులో నిలబడలేదు. 2020 ఫిబ్రవరి 17న ఆడ ఆఫీసర్లకి పర్మనెంట్ కమిషన్, అంటే రిటైరయ్యేదాకా ఉద్యోగం, ఇవ్వాలని తీర్పొచ్చింది. అప్పుడైనా ఊరుకున్నారా? మగ ఆఫీసర్లు సర్వీసులో అయిదో ఏటో పదో ఏటో దాటేసే ఫిట్‌నెస్ కొలతని, వీళ్ళకి నలభై దాటిన వయసులో పెట్టారు. 2021లో కోర్టు దాన్నీ తప్పుపట్టింది.

ఇప్పుడు యుద్ధం సంగతి. 2016 జూన్‌లో మన దుండిగల్‌లోనే అవని చతుర్వేది, భావనా కంఠ్, మోహనా సింగ్ ఫైటర్ పైలట్లుగా కమిషన్ అందుకున్నారు. 2023లో అయిదుగురు ఆడ ఆఫీసర్లు ఆర్టిలరీలో, అంటే ఫిరంగి దళంలో, చేరారు. ఇన్‌ఫాంట్రీ (కాల్బలం), ట్యాంకు రెజిమెంట్లు మాత్రం ఆడవాళ్ళకి ఇప్పటికీ మూసే ఉన్నాయి. ఎందుకంటే, "శత్రువు చేతికి చిక్కితే?" అంటారు. 2019లో పాకిస్తాన్‌కి చిక్కిన అభినందన్ ఎవరు? ఫైటర్ పైలటే కదా! ఆ ప్రమాదమున్న ఉద్యోగం ఆడవాళ్ళకి ఇచ్చేశాక, ట్యాంకు దగ్గర గుర్తొచ్చిందా?

బరువుల మాట వేరు, అది నిజమైన సమస్యే. బాబాయి కూడా అక్కడే ఆగిపోయాడు. "దెబ్బ తగిలినోణ్ణి వీపున వేసుకుని కొండ దిగాలమ్మా, అందరి వల్లా కాదు," అన్నాడు. సరే, అదే పరీక్ష పెట్టండి. ఆడవాళ్ళు కదా అని పాస్ మార్కు ఒక్కటి కూడా తగ్గించొద్దు. వందలో ముగ్గురే పాసైతే ఆ ముగ్గురినే తీసుకోండి. అసలు పరీక్షకే రానివ్వకుండా మీవల్ల కాదంటే ఎలా?

2025 మే 30న సైన్యానికి ఆఫీసర్లని తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్డీఏ) నుంచి మొదటిసారి 17 మంది అమ్మాయిలు పాసయ్యారు, అబ్బాయిలతో పాటే మూడేళ్ళు చెమటోడ్చి. రేపు వాళ్ళలాంటి ఒకమ్మాయి ఇన్‌ఫాంట్రీ కావాలని అడిగితే ఏం కారణం చెప్తారని బాబాయిని అడిగాను. టీ చల్లారిపోతోందన్నాడు.