నిరుద్యోగం విమానం ఎక్కింది

ఆర్థికవేత్తలు ఎప్పుడూ పెద్ద దేశాల వెంటే పడతారు. చైనా ఏం చేసింది, జర్మనీ ఏం చేసింది అని లావుపాటి పుస్తకాలు రాస్తారు. ఎనిమిది లక్షల జనాభా కూడా లేని భూటాన్ ఒక్క ఏడాదిలో సాధించిన ఘనతను మాత్రం ఎవరూ తగినంతగా మెచ్చుకోలేదు. ఆ లోటు తీర్చే బాధ్యత నా మీద పడింది.

2022లో అక్కడి యువతలో నిరుద్యోగం 28.6 శాతం. పని చేస్తున్నవాళ్లు, పని వెతుక్కుంటున్నవాళ్లు కలిపి పది మంది కుర్రకారు ఉంటే, వాళ్లలో దాదాపు ముగ్గురు ఖాళీ. మరుసటి ఏడాది లెక్క తీసేసరికి అది 16 శాతం దగ్గరికి దిగిపోయింది. ఇంత తక్కువ కాలంలో ఇంత తగ్గుదల! ఏ ఫ్యాక్టరీ పెట్టారు, ఏ పరిశ్రమ వచ్చింది అని ఆరా తీయడం అసూయాపరుల పని. సమాధానం పారో విమానాశ్రయంలో ఉంది: అక్కడ మన కుర్రకారు ఆస్ట్రేలియా వెళ్లడానికి విమానం ఎక్కింది. దేశం మొత్తానికి అంతర్జాతీయ విమానాలు ఎగిరేది అక్కడి నుంచే కాబట్టి విధానం అమలును పర్యవేక్షించడం కూడా సులువు.

నిజాయితీగా చెప్పాలంటే, తగ్గినవాళ్లంతా ఆస్ట్రేలియా వెళ్లిపోయారని నేననను. కొందరికి నిజంగానే ఉద్యోగాలు దొరికాయి. అలాంటి చిన్నచిన్న వైఫల్యాలు ఎంత గొప్ప విధానంలోనైనా ఉంటాయి.

ఈ విజయాన్ని అర్థం చేసుకోవాలంటే నిరుద్యోగిని ఎలా లెక్కిస్తారో తెలియాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ పిలుపుతో గణాంకవేత్తలు 1982లో కూర్చుని ఒప్పుకున్న కొలమానాలే ఇప్పటికీ చాలా దేశాలకు ఆధారం. సర్వే జరిగిన వారంలో కూలికో లాభానికో ఒక్క గంట పని చేస్తే చాలు, మీరు ఉద్యోగి. ఆ గంట కూడా లేదా? అప్పుడు పని కోసం వెతికారా, దొరికితే వెంటనే చేరడానికి సిద్ధంగా ఉన్నారా అని అడుగుతారు. వెతికి వెతికి విసుగెత్తి మానేశానంటే, మీరు నిరుద్యోగి కూడా కారు. లెక్కలోంచే తప్పుకున్న సజ్జనులు. కాబట్టి నిరుద్యోగం తగ్గించడానికి ఏ ప్రభుత్వం ముందైనా మూడు దారులుంటాయి. మనిషికి గంట పని ఇప్పించడం, మనిషి ఆశ వదులుకునేలా చేయడం, మనిషినే దేశం దాటించడం. ఉద్యోగాలు సృష్టించడం అనే నాలుగో దారి కూడా ఉందంటారు గానీ, దానికి ఖర్చు ఎక్కువ.

భూటాన్ ఆ నాలుగో దారిలో ప్రయత్నించలేదని కాదు. ఆ దేశంలో అన్నిటికన్నా బాగా పనిచేసేది నది. 1,020 మెగావాట్ల తాలా, 720 మెగావాట్ల మాంగ్‌దేచు లాంటి ప్రాజెక్టులు కరెంటు తీసి భారత్‌కు అమ్ముతాయి. ఖజానాకు పెద్ద దిక్కు ఆ డబ్బే. నది రాత్రింబవళ్లు పనిచేస్తుంది. జీతం పెంచమనదు, నోటిఫికేషన్ ఎప్పుడని అడగదు, సెలవు చీటీ ఇవ్వదు. చలికాలంలో కాస్త నీరసపడుతుంది, అంతే. ఇలాంటి ఉద్యోగి దొరికాక డిగ్రీ పట్టుకుని వచ్చిన కుర్రాడికి పని ఎక్కడినుంచి వస్తుంది? వేల కోట్లు పోసి కట్టిన విద్యుత్ కేంద్రాన్ని నడపడానికి కావలసింది కొద్దిమంది. కట్టేటప్పుడు మాత్రం వేలమంది కావాలి, అప్పుడు సరిహద్దు ఇవతలి నుంచి భారతీయ కూలీలు వెళ్తారు.

అదే ఇందులో ఉన్న అందం. పని లేదని ఒకవైపు యువత కూర్చుంటుంది, మనుషులు లేరని ఇంకోవైపు మేస్త్రీ కూర్చుంటాడు. దీన్ని నిపుణులు ‘నైపుణ్యాల పొంతన లేకపోవడం’ అంటారు. మామూలు పెద్దమనుషులు ‘ఈ కాలం పిల్లలకి ఒళ్లు వంగదు’ అంటారు. రెండూ సెమినార్లకు చాలా అనుకూలమైన మాటలు. జీతాల గురించి మాట్లాడాల్సిన అవసరం రాదు. కానీ రాజధాని థింఫులో చీపురు ముట్టనన్న డిగ్రీయే ఆస్ట్రేలియాలోని పెర్త్ చేరాక రోజూ పొద్దున్నే ఆఫీసులు ఊడుస్తుంది, సాయంత్రం వృద్ధాశ్రమంలో ముసలివాళ్లకు స్నానం చేయిస్తుంది. చీపురు మారలేదు, ఒళ్లూ మారలేదు. మారింది గంటకు వచ్చే కూలి. ఈ విషయం ఏ కమిటీకీ తట్టకుండా ఇంతకాలం కాపాడుకొచ్చినందుకు నిపుణులను అభినందించాలి.

ఇక సర్కారీ ఉద్యోగం. రాయల్ సివిల్ సర్వీస్ కమిషన్ ఏటా పరీక్ష పెడుతుంది. ముందు ప్రాథమిక పరీక్ష, అది గట్టెక్కితే ప్రధాన పరీక్ష. పోస్టులు మాత్రం రాసేవాళ్లలో కొద్దిమందికే. మిగిలినవాళ్లు మళ్లీ చదువుకోవచ్చు. ఇంతవరకూ మనకు తెలిసిన కథే. తెలియని మలుపేమిటంటే, పోస్టు దొరికినవాళ్లూ రాజీనామా పెట్టి వెళ్లడం మొదలైంది. టీచర్లు, నర్సులు, గుమాస్తాలు, అధికారులు. ఉద్యోగం లేనివాడు ఉద్యోగం కోసం వెళ్తే, ఉన్నవాడు జీతం కోసం వెళ్లాడు. దాంతో బడిలో టీచరు లేడు, బయట టీచరు కాగల నిరుద్యోగి ఉన్నాడు, ఇద్దరూ చివరికి ఒకే నగరంలో పక్కపక్క ఇళ్లలో అద్దెకు దిగారు. 2023లో ప్రభుత్వం జీతాలు గట్టిగానే పెంచింది. పెరిగిన జీతంతో విమానం టికెట్టు కొనడం మరికాస్త తేలికైంది.

పరిపాలనా సంస్కరణలను కూడా మర్చిపోకూడదు. 2022లో భూటాన్ తన కార్మిక, మానవ వనరుల మంత్రిత్వ శాఖను రద్దు చేసింది. ఉపాధి సంగతులు పరిశ్రమలు, వాణిజ్యం చూసే శాఖకు వెళ్లాయి, నైపుణ్యాల సంగతి విద్యాశాఖకు వెళ్లింది. నిరుద్యోగులను పట్టించుకోవాల్సిన శాఖే ఉద్యోగం పోగొట్టుకోవడం, అదీ యువతలో నిరుద్యోగం 28 శాతం దాటిన ఏడాదే, సంఘీభావం అనే మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ నేను చూడలేదు.

అదే ఏడాది సెప్టెంబరులో కోవిడ్ తర్వాత సరిహద్దులు తెరుస్తూ, భారతీయుడు కాని విదేశీ పర్యాటకుడి మీద రాత్రికి 65 డాలర్లున్న రుసుమును 200 చేశారు. తక్కువమంది వచ్చినా ఎక్కువ ఖర్చు పెట్టేవాళ్లు రావాలన్నది ఆలోచన. మొదటి సగం అనుకున్నట్టే జరిగింది. గైడ్లు, హోటల్ పనివాళ్లు, డ్రైవర్లు తీరిగ్గా కూర్చుని ఆస్ట్రేలియా వెళ్లడానికి కావలసిన ఇంగ్లీషు పరీక్షకు కోచింగ్ తీసుకున్నారు. ఏడాది తర్వాత రుసుమును 100కు తగ్గించారు. అప్పటికి ఎంతమంది గైడ్లు సిడ్నీకి దారి చూపుకున్నారో మరి.

ఎవరైనా ఇదంతా ప్రణాళిక లేకుండా జరిగిందని ఎగతాళి చేస్తే పసిఫిక్ ద్వీపాల వైపు చూడమనండి. అక్కడ దీన్ని చక్కగా పథకంగానే చేశారు. 2007లో న్యూజిలాండ్ తన యాపిల్, ద్రాక్ష తోటల కోసం సీజనల్ కూలీల పథకం పెట్టింది. వనువాటు, టోంగా, సమోవా లాంటి దేశాలనుంచి మనుషులు వెళ్తారు, నెలల తరబడి కాయలు కోస్తారు, కొమ్మలు కత్తిరిస్తారు, డబ్బు పంపిస్తారు. తర్వాత ఆస్ట్రేలియా కూడా అదే బాట పట్టింది. విధానం ఎంత బాగా నడిచిందంటే, ఊళ్లలో పనిచేసే చేతులు కరువయ్యాయని సమోవా ప్రభుత్వమే కొంతకాలం బ్రేకు వేయాల్సి వచ్చింది. చిన్న దేశాలకు ఇదొక్కటే చిక్కు. పెద్ద దేశంలో ఊరు ఊరంతా వెళ్లిపోయినా లెక్కల్లో దశాంశం కదలదు. చిన్న దేశంలో నలుగురు నర్సులు వెళ్తే వార్డు మూతపడుతుంది.

భూటాన్ రాజ్యాంగం ఈ విషయంలో ఎంతో దూరదృష్టి చూపించింది. ప్రజల ఆనందానికి అనువైన పరిస్థితులు కల్పించాలని, పని చేసే హక్కు కోసం రాజ్యం కృషి చేయాలని 2008లోనే రాసుకున్నారు. ఎక్కడ పని, ఎక్కడ ఆనందం అన్నది మాత్రం రాయలేదు. పిల్లలు పెర్త్‌లో పనిచేస్తారు, వాళ్లు పంపిన డబ్బుతో తల్లిదండ్రులు థింఫులో ఆనందంగా ఉంటారు. రెండు నిబంధనలూ అమలైనట్టే. మనవడి ముఖం వీడియో కాల్‌లోనే చూస్తున్న అవ్వను మాత్రం ఈ సర్వేలో ఎవరూ ప్రశ్న అడగరు, ఆవిడ కార్మిక శక్తి కిందికి రాదు.

ఈమధ్య మాత్రం ప్రభుత్వం ఆలోచన మారుతున్నట్టుంది. అస్సాం సరిహద్దు దగ్గర గెలెఫులో ఒక ప్రశాంత నగరం కడతామని 2023 డిసెంబరులో ప్రకటించారు. 2024 అక్టోబరులో రాజు స్వయంగా ఆస్ట్రేలియా వెళ్లి అక్కడున్న తన ప్రజలను కలిశారు. వేలమంది వచ్చారు. సొంత పౌరుల్ని పలకరించడానికి పాలకుడు పాస్‌పోర్టు పట్టుకుని వెళ్లాల్సి రావడం ఉపాధి విధానాల చరిత్రలో అరుదైన ఘట్టం. వాళ్లంతా నిజంగానే తిరిగి వచ్చేస్తే ఏమవుతుందో ఆలోచిస్తేనే టెన్షన్‌గా ఉంది. దిగీ దిగగానే పని వెతుక్కుంటారు, వెతుక్కున్నవాళ్లంతా లెక్కలోకి వస్తారు, ఇంత కష్టపడి దించిన శాతం మళ్లీ పైకి లేస్తుంది.

అందుకని నావంతు సలహా ఒకటి. నిరుద్యోగాన్ని లెక్కించే సర్వేను ఏడాది పొడవునా ఆగకుండా జరపాలి. ప్రశ్నలు అడగడానికి నిరుద్యోగులనే తాత్కాలికంగా తీసుకోవాలి. ఇంటింటికీ తిరిగే ఆ కుర్రాళ్లు వారానికి ఒక గంటకు మించే పని చేస్తారు కాబట్టి అడిగేవాళ్లంతా ఉద్యోగులైపోతారు. తలుపు తీసి జవాబు చెప్పేవాళ్లను వచ్చే నెల అడిగేవాళ్లుగా తీసుకుంటే నిరుద్యోగం సున్నా అవుతుంది. ఒక్క జాగ్రత్త చాలు. సాయంత్రం ఐదు తర్వాత ఎవరికీ డ్యూటీ వేయకూడదు, ఇంగ్లీషు కోచింగ్ ఆ టైముకే మొదలవుతుంది.