దాడులు జనవరిలో, అడ్వాన్సులు దసరాకు ముందే

జనవరి వస్తే ఆపరేషన్ స్మైల్, జూలై వస్తే ఆపరేషన్ ముస్కాన్. పనుల్లో ఉన్న పిల్లలను వెతికి విడిపించే ఈ దాడులు 2015 నుంచి తెలంగాణ పోలీసులకు ఏటా చేసే కార్యక్రమాలయ్యాయి. ఇంతమంది పిల్లలకు విముక్తి అని మర్నాడు పేపర్లో వార్త, మొహాలు కనపడకుండా నిలబెట్టిన పిల్లల ఫొటో, వెనక వరసలో అధికారులు. ఈ పనిని చిన్నచూపు చూడలేం. 2015 జనవరిలో హైదరాబాద్ పాతబస్తీ గాజుల కార్ఖానాల్లో, గాలి ఆడని గదుల్లో లక్క పని చేస్తున్న బిహార్ పిల్లలను రెండు వందల మందికి పైగా బయటికి తెచ్చింది పోలీసు దాడులే. కాకపోతే దాడి జరిగేసరికి బేరం ఎప్పుడో అయిపోయి ఉంటుంది. ఇంటివాళ్లకు ముందే ఇచ్చే అడ్వాన్సు చేతులు మారి, ఆ డబ్బు ఖర్చయిపోయి, పిల్లాడు చదువు మరిచిపోయి ఉంటాడు.

పిల్లాడు కనపడకుండా పోయిన సంగతి అందరికంటే ముందు తెలిసేది బడికి. పేరు పిలిస్తే పలకడు. నాలుగు రోజులు 'ఆ' అని వేస్తారు, తర్వాత లాంగ్ ఆబ్సెంట్ అంటారు, జూన్ వచ్చాక పేరు కొట్టేస్తారు. ఆ కబురు బడి గోడ దాటి పోయే దారి లేనప్పుడు ఎన్ని దాడులు చేసినా, ఎన్ని సదస్సులు పెట్టినా వెనక నుంచి తరుముకుంటూ పోవడమే అవుతుంది.

ఇటుక బట్టీల సంగతే తీసుకుందాం. పశ్చిమ ఒడిశాలో బొలంగీర్, నువాపడా, కలహండి జిల్లాల్లో మన వినాయక చవితి మర్నాడు నువాఖాయి జరుపుకుంటారు. కొత్త బియ్యం పండుగ. చేతిలో పైసా లేని ఆ రోజుల్లోనే, కూలీలను బట్టీలకు కుదిర్చే సర్దార్ అడ్వాన్సు పట్టుకుని ఊళ్లోకి దిగుతాడు. దసరా దాటాక కాంటాబంజి స్టేషన్ నిండా మూటలు, గిన్నెలు, చంకన పిల్లలు. అక్కడ రైలెక్కిన కుటుంబాలు పెద్దపల్లి, రంగారెడ్డి, యాదాద్రి జిల్లాల బట్టీలకు చేరి, మళ్లీ ఊరి మొహం చూసేది మే, జూన్ నెలల్లోనే. అడ్వాన్సు మనిషికి కాదు, జట్టుకిస్తారు. మొగుడు, పెళ్లాం, ఓ పిల్లో పిల్లాడో కలిస్తే దాన్ని 'పథురియా' అంటారు. పిల్లలు అమ్మానాన్నల వెంట ఊరికే వచ్చారనే మాట అక్కడే తేలిపోతుంది. వాళ్లు ముందు నుంచీ లెక్కలో ఉన్నవాళ్లే.

వాళ్లు చేసే పని చూడాలి. అచ్చులోంచి తీసిన పచ్చి ఇటుకలను నేల మీద వరసలుగా పరుస్తారు. ఒక పక్క ఆరాక రెండో పక్కకు తిప్పాలి. పెద్దవాళ్లు వాటి మీద కాలు పెడితే బరువుకు చితికిపోతాయి, చితికిన ఇటుకకు కూలి ఉండదు. అందుకని తిప్పే పని పిల్లలది. కూలి వెయ్యి ఇటుకలకింత చొప్పున. బరువు తక్కువ కావడమే ఆ ఉద్యోగానికి అర్హత.

దీన్ని వలస అంటాం, పేదరికం అంటాం. మనుషుల అక్రమ రవాణా అనడానికి మాత్రం నోరు రాదు. భారతీయ న్యాయ సంహితలోని 143వ సెక్షన్ చదివితే (పాత ఐపీసీ 370నే కొద్ది మార్పులతో అక్కడికి తెచ్చారు) ఆ మొహమాటం అక్కర్లేదని తెలుస్తుంది. దోపిడీ కోసం ఒకరిని తరలించేటప్పుడు, వాళ్ల మీద అధికారం ఉన్నవాళ్లను ఒప్పించడానికి డబ్బులివ్వడం కూడా ఆ నేరంలోకి వస్తుంది. తండ్రి చేతిలో పెట్టిన అడ్వాన్సుకు ఈ మాటలు ఎంత సరిగ్గా అతుకుతాయో వేరే చెప్పాలా? బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ, బడి వేళలు కాని సమయంలో పిల్లలు సొంత కుటుంబ వృత్తిలో సాయపడవచ్చంది. బట్టీ ఆ కుటుంబానిది కాదు, యజమానిది. అయినా తనిఖీకి పోయిన ప్రతిసారీ 'వాళ్ల పిల్లలే కదండీ, ఏదో సాయం చేస్తున్నారు' అనే జవాబే వినపడుతుంది.

ఇక అవగాహన సదస్సులు. వీటి మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. బట్టీకి పోతే బిడ్డ చదువు పోతుందని తల్లికి ఒకరు ఫ్లెక్సీ కట్టి చెప్పాలా? ఆరేడు నెలలు ఆ బిడ్డను ఎవరి దగ్గర వదిలిపెట్టాలన్నది ఆమె ప్రశ్న. ఊళ్లో ముసలి అత్త ఉంటే వదులుతుంది, లేకపోతే వెంట తీసుకుపోతుంది. ఒడిశాలో వలస జిల్లాల్లో నడిచే సీజనల్ హాస్టళ్లు ఈ ప్రశ్నకే జవాబు. పెద్దవాళ్లు వలస పోయినన్నాళ్లూ పిల్లలు సొంతూళ్లోనే తిని, పడుకుని, తమ బడికే పోతారు. ఏ ఉపన్యాసం కంటే కూడా రెండు పూటలా అన్నం, రాత్రికో గది, చూసుకునే ఓ మనిషి ఎక్కువ మందిని ఆపుతాయి. ఆ హాస్టల్ సర్దార్ కంటే ముందే ఊళ్లోకి రావాలి, చిక్కంతా అక్కడే. అడ్వాన్సు తీసుకున్నాక, జట్టులో మనిషి తగ్గుతానంటే సర్దార్ ఒప్పుకోడు.

అప్పుకు పిల్లాడిని తాకట్టు పెట్టించుకునేవాళ్లు ఎక్కడో లేరు. 2025 మేలో తిరుపతి జిల్లాలో బయటపడ్డ ఘటన గుర్తుండే ఉంటుంది. బాతులు మేపే పనిలో ఉన్న ఓ యానాది కుటుంబం. పాతిక వేల అప్పు తీరలేదని వాళ్ల కొడుకును యజమాని తన దగ్గరే ఉంచుకున్నాడు. తల్లి డబ్బులు కూడగట్టి అడిగితే పిల్లాడు పారిపోయాడన్నాడు. చివరికి కాంచీపురం దగ్గర పాలారు ఒడ్డున మట్టి తవ్వితే శవం దొరికింది. ఆ పిల్లాడు ఏ బడి రిజిస్టర్‌లోనైనా ఉండి, రావడం లేదేమని అడిగే మనిషి ఒక్కరున్నా కథ ఇలాగే నడిచేదా?

బడి చొరవ తీసుకుంటే ఏం జరుగుతుందో చూడ్డానికి దూరం పోనక్కర్లేదు. తొంభైల మొదట్లో రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పశువుల కాడ జీతమున్న పిల్లలను బడికి తెచ్చే పని ఎం.వి. ఫౌండేషన్ మొదలుపెట్టింది. ఆ సంస్థను నడిపించిన శాంతా సిన్హా 2003లో మెగసెసే అవార్డు అందుకున్నారు, తర్వాత జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు తొలి అధ్యక్షురాలయ్యారు. బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్నది వాళ్ల లెక్క. ప్రమాదకరమైన పని, తేలిక పని అనే బేరాలు లేవు. మరో సంగతి నాకు ఇంకా ముఖ్యంగా తోస్తుంది. జీతమున్న పిల్లాడి యజమాని ఆ ఊరి రైతే. అతని మీద కేసు పెట్టే బదులు పంచాయతీలో కూర్చోబెట్టి, ఒప్పించి, తర్వాత అతన్నే ప్రచారానికి తిప్పారు. టీచర్లు బాలకార్మిక విమోచన వేదికగా, ఊరివాళ్లు బాలల హక్కుల పరిరక్షణ వేదికగా కూడారు. ఈడు దాటిన పిల్లలను క్యాంపుల్లో, వెనకబడ్డ చదువు అందుకునే బ్రిడ్జి కోర్సు చదివించి నేరుగా ఈడుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టారు. 2009 విద్యాహక్కు చట్టంలోని నాలుగో సెక్షన్ చెప్పేదీ ఆ పద్ధతే.

ఇదంతా చదివి 'ఊరు కదిలితే చాలు' అనుకుంటే తప్పు. పాలమూరులో కూలీలను వలస పనులకు తీసుకుపోయే గుంపుమేస్త్రీ బయటివాడు కాదు, ఊళ్లో వాడే. చావుకూ పెళ్లికీ అప్పిచ్చేది అతనే, ఒక్కోసారి సర్పంచికి చుట్టం కూడా. సర్పంచి, అంగన్‌వాడీ టీచర్, హెడ్మాస్టర్ ఉండే గ్రామ బాలల పరిరక్షణ కమిటీ అలాంటి చోట కాగితం మీద సంతకాలకే పరిమితమవుతుంది. మేస్త్రీ దగ్గర బాకీ ఉన్న మనిషిని తెచ్చి కమిటీలో కూర్చోబెడితే నోరెలా విప్పుతాడు? మహిళా సంఘాల మీద నాకు కాస్త ఆశ ఉంది. అవసరానికి అప్పు పుట్టే మరో చోటు అదొక్కటే. 2024లో తెలంగాణ పెట్టిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఆ సంఘాల మహిళలవే. వాళ్లతో గోడల మరమ్మతులు, కరెంటు పనులు చూసుకోమన్నాం. రాని పిల్లల ఇళ్లకు పోయే బాధ్యతా, దాంతోపాటు ఆ ఇంటికి అత్యవసర అప్పిచ్చే వీలూ వాళ్లకే ఇస్తే మేస్త్రీకి నిజమైన పోటీ దొరుకుతుంది.

పని జరిగే చోట బడి కూడా అవసరమే. మనుషుల అక్రమ రవాణాను అడ్డుకున్నందుకు 2017లో అమెరికా విదేశాంగ శాఖ గుర్తింపు పొందిన అప్పటి రాచకొండ పోలీసు కమిషనర్ మహేశ్ భగవత్, బట్టీల నుంచి మూడు వందలకు పైగా పిల్లలను విడిపించి ఆగిపోలేదు. స్వచ్ఛంద సంస్థలను, విద్యాశాఖను కలుపుకుని బట్టీల దగ్గరే ఒడియాలో పాఠాలు చెప్పించారు. తెలుగు రాని పిల్లను పక్కూరి తెలుగు బడిలో చివరి బెంచీ మీద కూర్చోబెడితే వారానికే మానేస్తుంది. పుస్తకం, టీచరు ఒడిశా నుంచి, మధ్యాహ్న భోజనం ఇక్కణ్నుంచి రావాలి. అలా ఇచ్చిపుచ్చుకోవాలంటే రెండు రాష్ట్రాల శాఖలు మాట్లాడుకోవాలి. ఇప్పుడు అది అధికారిని బట్టి నడుస్తోంది, ఆయన బదిలీ అయితే బడీ బదిలీ అవుతోంది.

విద్యాహక్కు 14 ఏళ్లకు ఆగిపోవడం మరో కంత. ఆడపిల్లను ఉద్యోగమనో పెళ్లనో దూరం తీసుకుపోయేవాళ్లు చూసేది సరిగ్గా ఆ తర్వాతి వయసునే. తెలంగాణలో చాలా కస్తూర్బా విద్యాలయాలను ఇంటర్ దాకా పెంచడం ఈ లెక్కన నేరాల నివారణ ఖర్చే.

ఈ సీజన్‌కు చేయదగ్గవి రెండున్నాయి. దసరా సెలవులయ్యాక వరసగా పదిహేను రోజులు రాని పిల్లల జాబితా మండల విద్యాధికారి (ఎంఈఓ) నుంచి జిల్లా బాలల పరిరక్షణ అధికారికి, కార్మిక శాఖకు పోవాలి. జూన్‌లో పేరు కొట్టేసేదాకా ఆగకూడదు. రెండోది, పిల్లలున్న కుటుంబాలను దించుకునే బట్టీ యజమాని బడికి ఒక గది, నీళ్లు, మరుగుదొడ్డి చూపిస్తే తప్ప ఆ ఏటికి బట్టీ నడపడానికి అనుమతి ఇవ్వకూడదు. దీనికి అసెంబ్లీ దాకా పోనక్కర్లేదు, నవంబరు లోపు కలెక్టర్లు ఒక సమావేశం పెడితే చాలు.