తలుపు మీద అంటించిన కాగితం గారికి

మహారాజశ్రీ కుటుంబ చరిత్ర కేంద్రం తలుపు మీద వెలసిన కాగితం గారి దివ్యసముఖానికి, తాతముత్తాతల్ని వెతుక్కునేవాడొకడు నమస్కరించి రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి. మీ కుశలం స్వయంగా చూసే వచ్చాను. ఎండకు కాస్త పాలిపోయారు. మూడు మూలలకు టేపు ఉంది. కింది మూల చిరిగిపోయి, గాలి వీచినప్పుడల్లా ఆ పక్కంతా ‘రావద్దు, రావద్దు’ అన్నట్టు ఊగుతోంది. అయినా చెప్పదలుచుకున్నది చెబుతూనే ఉన్నారు: ‘ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకోవలెను. బుధవారం 10 నుంచి 1 వరకు మాత్రమే.’ ‘బుధవారం’ అన్న మాటకు ముందు ఎవరో తర్వాత పెన్నుతో ఏదో ఇరికించారు. ‘రెండో’ అనుకుంటాను, ‘రేపటి’ కూడా కావచ్చు. ఆ రాత పోల్చుకోవాలంటే లోపల పాత దస్తావేజులు చదివిపెట్టే పెద్దాయన కావాలి. ఆయన్ని కలవాలంటే బుధవారం రావాలి. ఏ బుధవారమో మళ్ళీ ఆయనే చెప్పాలి.

ఫోన్ నంబరు కూడా ఇచ్చారు, సంతోషం. చివరి రెండు అంకెలు చిరిగిన మూలతో పాటే పోయాయి.

మీరు ఏ ఊళ్ళో, ఎవరి తలుపుకి అంటుకున్నారో బయటపెట్టి మీ పరువు తీయను. నేను చేతకానివాణ్ణి కాను, పని లేనివాణ్ణి మాత్రమే. లోపలికి పోనివ్వలేదు కాబట్టి గుమ్మంలోనే నిలబడి మీ వంశవృక్షం తయారు చేశాను. మీ ముత్తాత ‘భోజన విరామం’ అనే చిన్న అట్టముక్క. నెమ్మదస్తుడు, గంటలో దిగిపోయేవాడు. తాత ‘శనివారం సెలవు’. తండ్రిగారు 2020 మార్చిలో కోవిడ్‌తో పాటే ప్రపంచంలో వేల తలుపుల మీద ఒకేసారి పుట్టారు. పేరు ‘తాత్కాలికంగా మూసివేయడమైనది’. ఆ తాత్కాలికం కడుపున పుట్టిన శాశ్వతం తమరు.

మీకు లండన్‌లో ఒక పెదనాన్న ఉన్నాడు. అక్కడ ఫ్యామిలీ రికార్డ్స్ సెంటర్ అని 1997లో తెరిచారు. పుట్టుకలకు ఎర్ర పుస్తకాలు, పెళ్ళిళ్ళకు పచ్చవి, చావులకు నల్లవి. ఒక్కో సూచిక పుస్తకం ఎత్తితే భుజం గుర్తుపెట్టుకునేది. ఎవరైనా నడిచొచ్చి, ఎవరినీ అడక్కుండా, బల్ల మీద దబ్బున పడేసి చూసుకోవచ్చు. 2007 అక్టోబరులో ఆ పుస్తకాలు జనానికి కనపడకుండా తీసేశారు. 2008 మార్చికి కేంద్రమే మూతపడింది. కంగారు పడకండి, అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించేస్తున్నాం అన్నారు. ఆ పథకానికి పెట్టిన ముద్దుపేరు ‘డవ్’, అంటే పావురం. ఆ పావురం అదే ఏడాది దాదాపు సగం దారిలో వాలిపోయింది. ఉన్నది పోయె, ఉంచుకున్నది పోయె.

సియాటిల్‌లో ఇంకో దాయాది పుట్టబోయి ఆగిపోయాడు. అక్కడి నేషనల్ ఆర్కైవ్స్ భవనాన్ని అమ్మేసి, కాగితాలన్నీ మిస్సోరీకీ కాలిఫోర్నియాకీ తరలించేద్దామని 2020 జనవరిలో అమెరికా ప్రభుత్వం తలూపింది. ఆదివాసీ తెగలు, రాష్ట్రాలు కోర్టుకెక్కాయి. 2021 ఫిబ్రవరిలో జడ్జి ఆపేశాడు, ఏప్రిల్లో ప్రభుత్వమే వెనక్కి తగ్గింది. మీ వంశంలో ఇలాంటి అరిష్టం అరుదు లెండి.

ఒకప్పుడు ఈ గదుల్లో ఏం జరిగేదో మీకు తెలియదు, మీరు బయట ముఖం పెట్టి ఉంటారు కదా. అమెరికాలోని యూటా వంశచరిత్ర సంఘం 1938లో పాత రికార్డులను మైక్రోఫిల్మ్, అంటే బుల్లి ఫొటోల రీళ్ళు, తీయడం మొదలుపెట్టింది. 1964 నుంచి ఊళ్ళలో మీ కేంద్రం లాంటి శాఖలు తెరిచింది. కావలసిన రీలుకు చీటీ రాసిస్తే కొన్ని వారాలకు ఓ చిన్న అట్టపెట్టెలో వచ్చేది. మసక గదిలో రీడరు ముందు కూర్చుని పిడి తిప్పుతుంటే వందేళ్ళ నాటి చర్చి పుస్తకం కళ్ళ ముందు పరిగెత్తేది. తొందరపడి తిప్పితే కడుపులో తిప్పేది. అప్పుడే పక్క కుర్చీలోంచి ఒక వాలంటీరమ్మ వంగి, ‘అది ఎఫ్ కాదు నాయనా, పాతకాలపు పొడుగు ఎస్’ అనేది. అంతే, మూడేళ్ళుగా దొరకని ఇంటిపేరు దొరికేది.

2017 సెప్టెంబరులో ఆ రీళ్ళు పంపడం ఆగింది. 2021కల్లా 24 లక్షల రీళ్ళనూ డిజిటైజ్ చేసేశారు. ఇది చిన్న పనేం కాదు, చేసినవాళ్ళకు దండం పెట్టాలి. నేనూ లుంగీలో, మంచం మీద, అర్ధరాత్రి పూట ఆ ఫలం అనుభవించినవాణ్ణే. కాకపోతే వాళ్ళ ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైట్‌లో కొన్ని పేజీల పక్కన కెమెరా బొమ్మ, దాని మీద ఒక బుల్లి తాళంచెవి ఉంటాయి. అసలు రికార్డు ఎవరిదో వాళ్ళతో ఉన్న ఒప్పందం ప్రకారం, ఆ పేజీ ఇంట్లో తెరుచుకోదు. కేంద్రానికో, అనుబంధ గ్రంథాలయానికో వెళ్ళి చూసుకోవాలి. సరే, న్యాయమే. చెప్పులేసుకుని వస్తే తలుపు మీద తమరు. తమ చివరి లైను: ‘రికార్డులన్నీ ఆన్‌లైన్‌లో లభించును.’

తాళంచెవేమో మీ దగ్గరికి పొమ్మంటుంది. మీరేమో తాళంచెవి దగ్గరికి పొమ్మంటారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారి కూడా లేడు, మీరే ఉన్నారు. పైగా రేపెప్పుడో ‘ఎవరూ రావడం లేదు’ అని లెక్క చూపించి గదిని ఖాళీ చేయిస్తే, ఆ లెక్క రాసినవారు కూడా మీరే అవుతారు. తలుపు మూసి, లోపలికి వచ్చినవాళ్ళను లెక్కపెట్టడం మామూలు తెలివి కాదు.

అపాయింట్‌మెంట్ కోసం నా ప్రయత్నంలో లోపం లేదని మనవి. పోయినవి రెండంకెలే కాబట్టి వంద నంబర్లకు మించి ఉండవు. వరసగా చేస్తున్నాను. ఇరవై మూడో నంబరు ఎత్తినావిడ పాపం విసుక్కోకుండా, ‘ఎవరు కావాలండీ?’ అని అడిగింది. ‘మా ముత్తవ్వ’ అన్నాను. పెట్టేసింది.

ఇంకా డెబ్బై ఏడు మిగిలాయి.

ఇట్లు,
మీ గుమ్మం ముందరివాడు

తా.క.: వచ్చేటప్పుడు టేపు తెస్తాను. మీ నాలుగో మూల చూస్తే జాలేస్తోంది.