పావలా వేస్తే పావుగంట వణికే మంచానికి

శ్రీ మ్యాజిక్ ఫింగర్స్ మంచం గారికి,

ఒంట్లో ఎలా ఉంది? వణుకు తగ్గిందా? మా ఇళ్లలో ఎవరైనా అలా వణికితే దుప్పటి కప్పి డాక్టర్ని పిలుస్తాం. 1960ల నాటి అమెరికా మోటెల్లో, అంటే కార్లలో వెళ్లేవాళ్లు రాత్రికి దిగే రోడ్డుపక్క హోటల్లో మాత్రం దాన్ని సుఖమన్నారు, చిల్లర కూడా పుచ్చుకున్నారు.

తలాపున చిన్న ఇనప డబ్బా. అందులో పావలా, అంటే డాలరులో పావు, వేస్తే పరుపు కింద మోటారు బుర్రుమంటూ లేచి గంటలో పావు కుదిపేది. పావుకి పావు! ఈ లెక్క 1958లో జాన్ హఫ్‌టేలింగ్ తేల్చింది. ఆయన అంతకుముందు మోటారుతో సహా మంచాలు అమ్మిన సేల్స్‌మన్. అవి ఊరికే పాడవుతుంటే, మంచమంతా ఎందుకు, ఉన్న మంచానికే మోటారు తగిలిస్తే పోలా అనుకున్నాడు. బుర్రంటే అదీ.

నా బాధల్లా ఒకటే. నీ మీద పడుకునేదెవరు? పొద్దుట్నుంచీ వందల మైళ్లు స్టీరింగ్ పట్టుకుని, నడుం పట్టేసి, గది గుమ్మంలోనే కారు ఆపి లోపలికొచ్చినవాడు. హమ్మయ్య, కుదుపు ఆగింది అనుకునేలోగా నువ్వు మొదలెడతావు. సరే, అలవాటుపడి కన్ను అంటుకుంటుందనగా టక్కున ఆగిపోతావు. వాడు లేచి, చీకట్లో ప్యాంటు జేబులు తడుముకోవాలి. ఉయ్యాల ఊపే అమ్మమ్మ కూడా పిల్లాడు నిద్రపోయేదాకా ఊపేది తల్లీ!

నీ గదిలోనే మిగతావాళ్లని చూడు. కమోడ్‌కి అడ్డంగా, పెళ్లికొడుకు బాసికంలా, ‘శుభ్రం చేశాం’ అని కాగితం పట్టీ. స్నానాలగది గోడకి సీసా మూత తీసే ఓపెనర్. అద్దం వెనక అలమరాలో, వాడేసిన బ్లేడు పడేయడానికి సన్నటి సందు. బ్లేడు నేరుగా గోడలోకే పోయేది, మళ్లీ తీసే పనే లేదు. (ఆ గోడలు పగలగొట్టినవాళ్ల సంగతి వేరు.) వీళ్లెవరైనా చెయ్యి చాపారా?

చివరికి 1970ల్లో దొంగలు నీ డబ్బాల మీద పడ్డారు. నీ వేళ్ల మాయ కంటే వాళ్ల చేతివాటం ఎక్కువైంది.

ఇట్లు,
పావలా మిగుల్చుకున్నవాడు

తా.క.: గది తాళంచెవి పొరపాటున జేబులో వచ్చేస్తే ఏ పోస్టు డబ్బాలో పడేసినా చాలని దాని బిళ్ల మీద రాసుండేది. పోస్టు ఖర్చు మోటెల్‌వాళ్లే పెట్టుకునేవాళ్లు. నీకు చెప్పలేదా?